ఉచిత పాఠం ఉంది, చదువు హక్కు ఎక్కడ?

లాలాగూడ అనగానే జంటనగరాల వారికి ముందుగా స్ఫురించేది రైల్వే వర్క్‌షాపు. నిజాం రైల్వే కాలంలో వెలసిన ఆ కర్మాగారంలో నేటికీ రైలుపెట్టెల మరమ్మతులు సాగుతున్నాయి. దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు, రైల్వే ఆసుపత్రి, కష్టజీవుల బస్తీలు. అక్కడినుండి తార్నాక వైపు కదిలితే కొద్ది కిలోమీటర్ల లోపే ఉస్మానియా విశ్వవిద్యాలయం, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, జీవకణాలపై పరిశోధించే సి.సి.ఎం.బి. వరుసగా కనిపిస్తాయి. దేశంలోని పెద్ద విజ్ఞానశాస్త్ర సంస్థలు ఇన్ని ఒకేచోట ఉన్నాయి. కానీ బస్తీలోని పదో తరగతి విద్యార్థికి, విద్యార్థినికి ఆ గేటు దాటి లోపలికి వెళ్లే అర్హత దక్కడం మాత్రం నేటికీ దుర్లభంగానే ఉంది.

ఈ దూరాన్ని తగ్గించగల సాధనం ఒకటి గత పదిహేను, ఇరవై ఏళ్లలో మన ఇళ్లలోకి వచ్చింది. గణితాన్ని, విజ్ఞానశాస్త్రాన్ని వీడియోలుగా, పాడ్‌కాస్టులుగా రూపొందించి ఉచితంగా అందించే అధ్యాపకులు ప్రపంచమంతటా తయారయ్యారు. ట్యూషన్ ఫీజు చెల్లించలేని ఇంటికి వారి పాఠం అర చేతిలోకి వస్తున్నది. ఈ పరిణామాన్ని మన సమాజం ఎలా అందిపుచ్చుకోవాలి, ప్రభుత్వాన్ని ఏమని నిలదీయాలి అన్నది ఈ సంపాదకీయం చర్చిస్తున్న విషయం.

ఈ ఒరవడికి ఆద్యులలో ఒకరు సల్మాన్ ఖాన్. సినిమా నటుడు కాదు, అమెరికాలోని లూసియానాలో పుట్టిన బెంగాలీ కుటుంబపు యువకుడు. తండ్రి నేటి బంగ్లాదేశ్‌లోని బారిసాల్ వాడు. 2004లో దూరప్రాంతంలో ఉన్న నాదియా అనే బంధువుల అమ్మాయికి లెక్కలు రావడం లేదని తెలిసి, ఫోనులోను, కంప్యూటరు తెర మీద గీతలు గీస్తూను నేర్పించారు. బంధువర్గంలోని ఇతర పిల్లలూ అడగసాగారు. అందరికీ విడివిడిగా చెప్పే తీరిక లేక 2006లో ఆ పాఠాలను రికార్డు చేసి యూట్యూబులో పెట్టారు. 2008లో ఖాన్ అకాడమీ అనే లాభాపేక్ష లేని సంస్థ రూపుదిద్దుకున్నది. దాని మూలంలో ఉన్నది పెద్ద పెట్టుబడి కాదు. చదువులో వెనకబడిన ఒక పిల్లను చూసి ఊరుకోలేని ఒక బంధువు. మన కుటుంబాలలో అలాంటి చదువుకున్న చిన్నాన్నలకూ, మేనమామలకూ కొదవ లేదు.

మన దేశంలోని ఉదాహరణ అబ్దుల్ బారీ. కంప్యూటర్ సైన్స్‌లో కఠినమని పేరుపడిన అల్గారిథమ్‌ల విషయాన్ని తెల్లబోర్డు, మార్కరు సాయంతో ఆయన విడమరిచి చెప్పిన వీడియోలు ఇంజనీరింగ్ విద్యార్థులకు సుపరిచితం. వాటిలో ఆర్భాటం ఉండదు. ఒక లెక్క తీసుకుంటారు, మెట్టు మెట్టుగా నడిపిస్తారు, విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందుగానే ఊహించి అక్కడ ఆగుతారు. ఆ పాఠాలు వినేవారు ఆయన పేరునుబట్టి వినడం లేదు, అర్థమవుతున్నది గనుక వింటున్నారు. ముస్లిం పేరు వినగానే ముఖం చిట్లించే వాతావరణాన్ని నిత్యం ఎదుర్కొంటున్న మన యువతకు ఈ వాస్తవం కొంత ధైర్యాన్నివ్వాలి.

ఈ పద్ధతిలోని బలం ఏమిటి? తరగతిలో యాభై మంది మధ్య చెయ్యెత్తి 'అర్థం కాలేదు' అనడానికి సిగ్గుపడే పిల్లవాడు ఇక్కడ పాఠాన్ని పదిసార్లు వెనక్కు తిప్పుకొని వినగలడు. విసుక్కునేవారుండరు. ఆరో తరగతిలో భిన్నాలు రానివాడు తొమ్మిదిలో బీజగణితం దగ్గర తప్పక ఆగిపోతాడు; వీడియోలో అతడు ఎవరికీ తెలియకుండా ఆరో తరగతికి వెళ్లి రాగలడు. పాడ్‌కాస్టుకు మరొక సౌలభ్యం ఉంది. కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి, ఆటో నడిపే తండ్రి కూడా చెవితో వినవచ్చు. గ్రహణం ఎందుకు పడుతుంది, టీకా శరీరంలో ఏం చేస్తుంది వంటి విషయాలు ఇంటిల్లిపాదీ మాట్లాడుకునేవి అవుతాయి. రేఖాగణితం చెవితో నేర్చుకోలేము, నిజమే. కానీ ఆసక్తి పుట్టడానికి మాట చాలు.

పాఠం పిల్లల పరిసరాలలోంచి వస్తే ఆ ఆసక్తి రెట్టింపవుతుంది. లాలాగూడ పిల్లలకు రైలు చక్రం కన్నా దగ్గరి వస్తువేముంది? కొత్తగా ఉన్నప్పుడు రైలుపెట్టె చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు. దానిని 3.14తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 2,873 మిల్లీమీటర్లు, అంటే 2 మీటర్ల 87 సెంటీమీటర్లు. కిలోమీటరు దూరం వెళ్లడానికి ఆ చక్రం ఇంచుమించు 348 సార్లు తిరగాలి. చక్రం అరిగి వ్యాసం తగ్గితే చుట్లు పెరుగుతాయి. వృత్తం గురించిన పాఠం మొత్తం ఇందులో ఉంది. వర్క్‌షాపులో జీవితమంతా కొలతలతో గడిపిన ఒక విశ్రాంత కార్మికుడు, ఒక గణిత ఉపాధ్యాయుడు కలిసి కూర్చుంటే ఇలాంటి పాఠాలు ఎన్నయినా తయారవుతాయి.

అయితే ఈ పాఠం ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న మన పిల్లల విషయంలో కీలకమైనది. ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లకు వ్యాసం 'ఖుత్ర్', చుట్టుకొలత 'ముహీత్', త్రిభుజం 'ముసల్లస్', కోణం 'జావియా'. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి అవే ఇంగ్లీషులో డయామీటర్, సర్కమ్‌ఫరెన్స్, ట్రయాంగిల్, యాంగిల్ అయి ఎదురవుతాయి. లెక్క తెలిసినా మాట తెలియక ఆ పిల్ల వెనుక బెంచీకి చేరుతుంది. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన గ్రామీణ ముస్లిం బాలుడికీ ఇదే కష్టం. ముసల్లస్, త్రిభుజం, ట్రయాంగిల్ అనే మూడు మాటలనూ పక్కపక్కన పెట్టి చెప్పే పాఠాలు మనకు కావాలి. మన పిల్లలు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు మధ్య బతుకుతున్నారు. ఆ మూడింటినీ తెలిసినవారే ఈ పాఠాలను చెప్పగలరు. ఆ పని బయటివారెవరో వచ్చి చేసిపెడతారని ఎదురుచూడనవసరం లేదు.

ఇది హైదరాబాదుకు కొత్త కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక ఉన్నతవిద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించింది. అందుకోసం అంతకుముందు ఏడాదే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, వైద్యం మొదలైన విషయాల గ్రంథాలను అనువదిస్తూ వేలాది పారిభాషిక పదాలను ఆ సంస్థ పండితులు రూపొందించారు. అక్కడ చదివిన హైదరాబాదీ రజియుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి వెళ్లి, ఆపై జర్మనీలోని లైప్జిగ్‌లో హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగి ఉస్మానియాలోనే గణిత ఆచార్యులయ్యారు. మాతృభాషలో చదివితే విజ్ఞానశాస్త్రం అబ్బదన్న వాదానికి ఆయన జీవితమే సమాధానం. 1948 తర్వాత అక్కడ బోధనాభాష మారింది. ఆ అనువాద కృషి గ్రంథాలయాల అరలలో మిగిలింది. నేటి దృశ్యపాఠాల కర్తలు ఆ అరలను తెరవాలి. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి బోధనా మాధ్యమ కేంద్రం ఉంది, వీడియోలు రూపొందించే సదుపాయం ఉంది. ఆ కృషి పదో తరగతి పిల్ల స్థాయికి, బస్తీ ఇంటికి చేరాలి.

ఇక్కడ మన సమాజం తన ఇంటిని తాను చూసుకోవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది ఫోను ఎవరి చేతిలో ఉంది అన్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్‌ను ఎన్నడైనా వాడిన పురుషులు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితోనో, అన్నతోనో బయటికి వెళ్లిపోతుంది. రాత్రి అది ఇంటికి వచ్చేసరికి ఆడపిల్ల వంటపని ముగించి అలసిపోయి ఉంటుంది. ఆమె చేతిలో ఫోను ఉంటే చెడిపోతుందన్న అనుమానం, కొడుకు చేతిలో ఉంటే ఏమీ కాదన్న భరోసా, రెండూ అన్యాయమే. రోజుకు ఒక గంట ఫోను కూతురి చదువుకే అని ప్రతి ఇంట్లో నిర్ణయం జరగాలి. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

రెండవది మన గతం గురించిన గర్వం. ఆల్జీబ్రా అనే మాట అల్ ఖ్వారిజ్మీ గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుండి వచ్చిందనీ, అల్గారిథమ్ అనేది ఆయన పేరు నుండే పుట్టిందనీ మన సభలలో తరచు వినిపిస్తుంది. అది నిజమే, చెప్పుకోదగినదే. కానీ ఆ ప్రసంగం విన్న పిల్లవాడు ఇంటికి వెళ్లి ఒక వర్గసమీకరణాన్ని సాధించకపోతే ఆ గర్వం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ పెద్దమనిషి పేరున్న అల్గారిథమే నేడు మన పిల్లవాడు ఏ వీడియో చూడాలో నిర్ణయిస్తున్నది. పాఠం కోసం తెరిచిన తెర మీద పది నిమిషాలలో వినోదమో, విద్వేషమో, విజ్ఞానం పేరిట పుకారో ప్రత్యక్షమవుతుంది. ఏది ఆధారమున్న మాట, ఏది కాదు అని ప్రశ్నించే అలవాటును నేర్పడమే విజ్ఞానశాస్త్రపు మొదటి పాఠం. వెయ్యేళ్ల క్రితం ఇబ్న్ అల్ హైసమ్ వెలుతురు గురించి పరీక్షించి చూశాకే రాశారన్న సంగతిని మనం గుర్తుంచుకోవలసింది ఇందుకే.

ఇక ప్రభుత్వాల సంగతి. ఇంటర్నెట్‌లో అన్నీ ఉన్నాయిగా, ఇక ఉపాధ్యాయుడు ఎందుకు, స్కాలర్‌షిప్ ఎందుకు అనే ధోరణి మెల్లగా బలపడుతున్నది. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. బడులు మూతపడిన వేళ అది అవసరమైన పనే. కానీ తెర ఎదుట కూర్చున్న పిల్లవాడి సందేహం తీర్చేవారు లేకపోతే ఆ పాఠం ఎంతవరకు చేరుతుందో ఆనాడు ప్రతి తల్లీ చూసింది.

సచార్ కమిటీ 2006లో చెప్పిన మాటలు మరువరానివి. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ నివేదిక తేల్చింది. పేరున్న కళాశాలలలో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పీజీలో 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని లెక్క చూపింది. ఈ వెలితిని పూడ్చేందుకు వచ్చిన పథకాలలోనే కోత పడింది. మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022-23 నుండి 9, 10 తరగతులకే పరిమితం చేసింది. పరిశోధక విద్యార్థులకు అండగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో నిలిపివేసినట్లు పార్లమెంటులో ప్రకటించింది. కింది తరగతిలో మెట్టు తీసేశారు, పైన పరిశోధన దగ్గరా మెట్టు తీసేశారు. మధ్యలో ఉన్న పిల్లవాడికి ఉచిత వీడియో చూసుకోమనడం విద్యాహక్కును నెరవేర్చడం అనిపించుకోదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతున్నది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని విధి అని 51ఏ అధికరణం చెబుతున్నది. ఆ విధిని నెరవేర్చేందుకు పౌరునికి బడి, ప్రయోగశాల, గురువు కావాలి.

కనుక మన కర్తవ్యం రెండు వైపులా ఉంది. ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి: ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో ఖాళీగా ఉన్న గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయ పోస్టుల భర్తీ, స్కాలర్‌షిప్‌ల పునరుద్ధరణ, మైనారిటీ గురుకులాలలో నిజంగా వాడుకలో ఉండే ప్రయోగశాలలు, టి-శాట్‌లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పదాలను జోడించి చెప్పే పాఠాలు. లాలాగూడ చుట్టూ ఉన్న పరిశోధన సంస్థలు తమ శాస్త్రవేత్తలను నెలకొకసారైనా బస్తీ బడికి పంపాలని కోరడంలోనూ తప్పు లేదు. ప్రజాధనంతో నడిచే సంస్థలవి.

మన వంతు పని దీనికి తీసిపోనిది. మసీదు కమిటీలు, సంక్షేమ సంఘాలు సాయంత్రం పూట ఖాళీగా ఉండే ఒక గదిని చదువుకు ఇవ్వగలవు. ఒక తెర, ఒక ఇంటర్నెట్ కనెక్షను, నల్లబల్ల, ఆడపిల్లలకు వేరే సమయమో స్థలమో, సందేహాలు తీర్చేందుకు ఒక డిగ్రీ విద్యార్థినో, విశ్రాంత ఉపాధ్యాయుడో ఉంటే చాలు. మతం చూడకుండా బస్తీ పిల్లలందరినీ రానివ్వాలి. వీడియో సగం పాఠం చెబుతుంది, తక్కిన సగం ఆ గదిలో జరుగుతుంది. చదువుకున్న మన యువతీ యువకులు చూసేవారిగానే మిగిలిపోక, దక్కనీలో, తెలుగులో పాఠాలు చెప్పేవారు కావాలి. ఖరీదైన కెమెరా అవసరం లేదు. విషయం మీద పట్టు, పిల్లల మీద ఓర్పు ఉంటే చేతిలోని ఫోనే చాలు.

వచ్చే మార్చిలో మన పిల్లలు మళ్లీ పరీక్షలకు కూర్చుంటారు. అప్పటికి లాలాగూడలోనో, మరే బస్తీలోనో ఇలాంటి గది ఒక్కటైనా తెరుచుకుంటే, ఆ అనుభవాన్ని మాకు రాయండి. ఇతర బస్తీలకు దానిని చేరవేసే బాధ్యత ఈ పత్రికది.