రొమ్ము క్యాన్సర్ నివారణ మాత్రల విషయంలో తీర్మానం

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన స్త్రీలు, వారి కూతుళ్లు, అక్కచెల్లెళ్లు సభ్యులుగా హైదరాబాదులో నడుస్తున్న మన సహాయక బృందం సర్వసభ్య సమావేశం, జబ్బు రాకముందే మందు వాడే విషయాన్ని సుదీర్ఘంగా చర్చించి ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

కొంతకాలంగా మన పిల్లలు అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అమ్మకు వచ్చింది, పిన్నికీ వచ్చింది. నేను ఇప్పట్నుంచే మాత్ర వేసుకుంటే రాకుండా ఉంటుందా?" దీనికి ఔననో కాదనో తేల్చి చెప్పే అర్హత ఈ బృందానికి లేదు. అలాగని అడిగిన పిల్లను ఉత్తచేతులతో పంపడమూ తగదు. అందుచేత తెలిసిన సంగతిని ఉన్నదున్నట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాం.

టామాక్సిఫెన్ మనలో చాలామంది ఏళ్ల తరబడి మింగిన మాత్రే. జబ్బు లేకుండా ముప్పు మాత్రమే ఎక్కువగా ఉన్న 13,388 మంది స్త్రీలతో అమెరికాలో దాని మీద పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు ఆ మందు, మిగతా సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 1998లో ఫలితాలు వచ్చాయి. అదే ఏడాది అక్కడ నివారణకు కూడా ఈ మందును అనుమతించారు. "ముప్పు సగానికి తగ్గుతుంది" అని అందరూ చెప్పే మాట అక్కడిదే. మాట నిజమే. అయితే దేనిలో సగమో చెప్పకుండా ఆ మాటను ఒక ఆడపిల్ల చెవిన వేయడం అన్యాయమని ఈ సమావేశం అభిప్రాయపడుతున్నది.

లెక్క ఇదీ. ఉత్త మాత్ర వేసుకున్న ప్రతి వెయ్యిమందిలో దాదాపు ఆరేళ్లలో 43 మందికి చుట్టూ పాకే రకం రొమ్ము క్యాన్సర్ వచ్చింది. టామాక్సిఫెన్ వేసుకున్న వెయ్యిమందిలో 22 మందికి వచ్చింది. అంటే వెయ్యిమంది మింగితే 21 మందికి తప్పింది, 22 మందికి మింగినా వచ్చింది. మిగిలిన తొమ్మిది వందల యాభై పైచిలుకు మందికి ఆ ఆరేళ్లలో మాత్ర లేకపోయినా వచ్చేది కాదు. ఆ 21 మందిలో తాను ఉంటుందో లేదో ఏ అమ్మాయికీ ముందుగా తెలియదు. ఆ సంఖ్య చిన్నదని తీసిపారేయడం కూడా తప్పే. కీమో పడ్డవాళ్లం మనం, ఒక్కరికి తప్పినా అదెంత మేలో మనకు తెలుసు.

రెండో వైపు లెక్క కూడా చెప్పాలి. గర్భసంచి లోపొర క్యాన్సర్ ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువగా ఉండేది, మందు వేసుకున్నవారిలో ఇద్దరిని దాటింది. ఈ పెరుగుదల ముఖ్యంగా 50 దాటినవారిలో కనిపించింది. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోవడం అరుదే గానీ ప్రాణాంతకం. ఇక ఒంట్లో ఆవిర్లు, తెల్లబట్ట, నెలసరి తప్పడం మనం పడ్డవే. మనం ఓర్చుకోవడానికి కారణం ఉంది. ఏ జబ్బూ లేని అమ్మాయి అర్ధరాత్రి చెమటకు తడిసి లేచినప్పుడు ఆమె ఓర్పును మన ఓర్పుతో తూచకూడదు.

ఈ మందు హార్మోన్ మీద ఆధారపడి పెరిగే క్యాన్సర్‌ను మాత్రమే అడ్డుకుంటుంది. హార్మోన్‌తో సంబంధం లేని ట్రిపుల్ నెగెటివ్ రకాన్ని ఆపదు. బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్న కుటుంబాల్లో ఎక్కువగా వచ్చేది ఆ రకమే. మేలు మాత్రం మందు ఆపేశాక కూడా చాలా ఏళ్లు నిలుస్తుంది. అయినా నివారణగా వాడితే మరణాలు తగ్గాయని ఇంతవరకు రుజువు కాలేదు. పై అధ్యయనంలో పాల్గొన్నవారు దాదాపు అందరూ తెల్లజాతి స్త్రీలేనన్నదీ గుర్తుంచుకోవాలి. నెలసరి ఆగినవారికి రాలాక్సిఫెన్, ఎనాస్ట్రోజోల్ వంటివి ఉన్నాయి. ఎనాస్ట్రోజోల్‌ను 2023లో బ్రిటన్ నివారణకు అనుమతించింది. దానితో గర్భసంచి బెడద లేదు గానీ కీళ్ల నొప్పులు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి.

ఇవన్నీ పరిగణించి ఈ సమావేశం తీర్మానిస్తున్నదేమనగా:

మందు వేసుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆ స్త్రీదే. తల్లి భయం, అత్తగారి అనుమానం, భర్త తొందర, మన బృందం సలహా ఇవేవీ ఆమె మీద ఒత్తిడి కారాదు. వద్దనుకున్న అమ్మాయికి రేపు జబ్బు వస్తే "అప్పుడే చెప్పాం కదా" అనే మాట మన నోట రాకూడదు. వేసుకున్న అమ్మాయికి కాలు వాచి రక్తం గడ్డకట్టినా అంతే. ఆలోచించుకోవడానికి కొన్ని నెలలు పట్టినా తొందరపెట్టవద్దు.

మిగిలిపోయిన మాత్రలను సభ్యులెవరూ కూతుళ్లకు, చెల్లెళ్లకు ఇవ్వరాదు. బీరువాలో ఉన్న అమ్మ స్ట్రిప్పులోంచి రోజుకొకటి వేసుకున్నామని చర్చలో కొందరు పిల్లలు చెప్పగా విని సమావేశం తీవ్ర ఆందోళన చెందింది. కడుపుతో ఉండగా టామాక్సిఫెన్ వేసుకుంటే బిడ్డకు హాని జరగవచ్చు. గతంలో రక్తం గడ్డకట్టినవారికి అది పనికిరాదు. నెలసరి వస్తున్న అమ్మాయి, నెలసరి ఆగినవారికి క్యాన్సర్ చికిత్సలో ఇచ్చే లెట్రోజోల్ మింగితే అండాశయం మరింత చురుకెక్కుతుంది. పిల్లలు కలగనివారికి డాక్టర్లు దాన్ని రాసేది అందుకే. వాడుకోగా మిగిలినవాటిని ఆస్పత్రి ఫార్మసీలో అడిగి పారవేయించాలి.

ప్రతి సభ్యురాలు తన వంశంలో ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందో కాగితం మీద రాసి, బయాప్సీ రిపోర్టు నకలు జతచేసి పిల్లలకు ఇవ్వాలి. మేనత్త, నాయనమ్మల సంగతీ రాయాలి. జన్యులోపం తండ్రి వైపు నుంచి కూడా సంక్రమిస్తుంది కాబట్టి కొడుకులకూ ఇవ్వాలి. సంబంధాలు చెడతాయని దాచడం మన ఇళ్లలో మామూలే. దాచినందువల్ల ముప్పు లెక్కగట్టే డాక్టరు ముందు ఆ పిల్ల సగం సమాచారంతో కూర్చోవలసి వస్తున్నది.

మందు వద్దనుకున్నవారికి పరీక్షలు తప్పనిసరి. ఊళ్లలో 30 దాటిన స్త్రీలకు ఏఎన్ఎంలు చేసే రొమ్ము పరీక్షను చిన్నచూపు చూడరాదు. ముంబయిలో టాటా మెమోరియల్ వారు 20 ఏళ్లు జరిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో చూసిన పరీక్ష వల్ల 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

డాక్టర్లకు మన విజ్ఞప్తి: శాతాలు వదిలి వెయ్యిమందిలో ఎందరికో తెలుగులో రాసి ఇవ్వండి. పెళ్లి, పిల్లల సంగతి ముందే అడగండి.

మేలు రుజువైన మందును బృందం బాహాటంగా ప్రోత్సహించాలని, చెల్లెలిని పోగొట్టుకున్న ఒక సభ్యురాలు వాదించారు. ఆమె అసమ్మతిని గౌరవంతో నమోదు చేయడమైనది. మిగిలినవారు చేతులెత్తి ఆమోదించారు. ప్రతులను సభ్యులందరికీ, నగరంలోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికీ పంపే బాధ్యతను కార్యదర్శికి అప్పగించడమైనది.