అడ్డుకున్నవాడికీ మార్కులు వేయాలి

వార్షికోత్సవం ఆటల పోటీల్లో బహుమతి ఎప్పుడూ ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడికే పోతుంది. వాలీబాల్‌లో నెట్ దగ్గర ఎగిరి ఎదుటివాడి స్మాష్‌ను ఆపినవాడి పేరు మైకులో వినిపించదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లోనూ చాలాకాలం ఇదే తంతు. ఆ సంగతి మన తమ్ముళ్లకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ప్రత్యర్థి రింగు వైపు వేసిన బంతిని గాలిలోనే కొట్టి ఆపడాన్ని బ్లాక్ అంటారు. బంతి పైకి పోతుండగానే ఆపాలి. కిందికి దిగేటప్పుడు ముట్టుకుంటే గోల్‌టెండింగ్ అని పాయింట్లు వాళ్లకే ఇస్తారు. ఈ నియమం 1944లో వచ్చింది. జార్జ్ మైకన్, బాబ్ కర్లాండ్ అనే ఇద్దరు పొడుగాటి కాలేజీ కుర్రాళ్లు రింగులో పడబోయే బంతుల్ని తీసి పారేస్తుంటే తట్టుకోలేక పెట్టిన నియమం అది.

అసలు మొనగాడు తర్వాత వచ్చాడు. బిల్ రస్సెల్. నల్లజాతి కుర్రాడు. స్కూల్లో అంత పేరున్న ఆటగాడేమీ కాదు. స్కాలర్‌షిప్ ఇస్తామన్నది ఒక్క శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీయే. దానికప్పుడు ఆడుకోవడానికి సొంత జిమ్ కూడా లేదు! మంచి డిఫెండర్ నేల వదలకూడదన్నది ఆ రోజుల పాఠం. రస్సెల్ ఎగిరేవాడు. తొలి మ్యాచ్‌లోనే ఎదుటి సెంటర్ షాట్లను వరసగా ఆపేస్తే, మెచ్చుకోవాల్సిన సొంత కోచ్ ‘ఇలా ఆడకూడదు’ అన్నాడట. కోచ్ చెప్పినట్టు ఆడితే వాళ్లు సులువుగా బాస్కెట్లు వేసేశారు. దాంతో మళ్లీ తన పద్ధతికే వచ్చానని రస్సెలే తర్వాత చెప్పుకున్నాడు.

1954లో ఆ జట్టు ఓక్లహామా సిటీకి టోర్నమెంటుకు వెళ్లింది. రస్సెల్‌కూ, మిగతా నల్లజాతి ఆటగాళ్లకూ హోటళ్లు గది ఇవ్వలేదు. అప్పుడు తెల్లవాళ్లతో సహా జట్టంతా మూసి ఉన్న ఒక కాలేజీ హాస్టల్‌లో కలిసి పడుకుంది. ఈ ముక్క మనవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ జట్టే 1955లోనూ, 1956లోనూ జాతీయ చాంపియన్. రస్సెల్ ఉండగా వరసగా 55 మ్యాచ్‌లు గెలిచింది.

మరి కాలేజీలో అతను చేసిన బ్లాకులెన్ని? అధికారిక లెక్క లేదు. జాతీయ కాలేజీ క్రీడా సంఘం బ్లాకులను తన రికార్డుల్లో లెక్కించడం మొదలుపెట్టింది 1985-86 సీజన్లో. అంటే రస్సెల్ కాలేజీ వదిలిన 30 ఏళ్లకు. లెక్క మొదలైన ఏడాదే నేవీ జట్టు ఆటగాడు డేవిడ్ రాబిన్సన్ ఒక్క సీజన్లో 207 బ్లాకులు చేశాడు. లెక్కపెట్టక ముందు ఇంకెంతమంది రాబిన్సన్లు పోయారో!

లెక్క వస్తే చాలదని కూడా మేమంటాం. కొందరు చప్పట్ల కోసం బంతిని ప్రేక్షకుల్లోకి బాదుతారు. బయటికి పోయిన బంతి మళ్లీ ప్రత్యర్థికే దక్కుతుంది. రస్సెల్ బంతిని గీత దాటనివ్వకుండా తనవాళ్లకు అందేలా తట్టేవాడు. రికార్డులో రెండూ ఒకటే బ్లాకు. ఇక అతన్ని చూసి భయపడి వేయకుండా మానేసిన షాట్లు ఏ పుస్తకంలోనూ ఎక్కవు.

ఆటను చూసే కన్ను మారిందనడానికి 2012 ఫైనలే రుజువు. కెంటకీ కుర్రాడు ఆంథొనీ డేవిస్ 10 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. మొత్తం 6 పాయింట్లు. మన దగ్గరైతే ‘ఏం ఆడావురా’ అనేవాళ్లు. కానీ 16 రీబౌండ్లు, 6 బ్లాకులతో రింగును కాపలా కాశాడు. కెంటకీ 67-59తో కాన్సస్‌ను ఓడించింది. టోర్నీలో ఉత్తమ ఆటగాడి గౌరవం డేవిస్‌కే దక్కింది.

కాబట్టి ఆటల కమిటీకి మా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది వాలీబాల్ స్కోరు పుస్తకంలో బ్లాకులకు విడిగా ఒక గడి గీయండి. బ్లాకు తర్వాత పాయింటు ఎవరికొచ్చిందో పక్కనే రాయించండి. ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడికి ఇచ్చే స్టీలు గ్లాసు లాంటిదే ఇంకొకటి కొనండి, చాలు. రాయడానికి మనిషి లేడంటారేమో, మాలో ఇద్దరం కూర్చుంటాం.