చెమట వాసనకు సెంటు మందు కాదు
ఎండాకాలంలో మంచాల నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్‌కు బస్సెక్కేవారికి చెమట తప్పదు. దాన్ని సెంటుతో కప్పిపుచ్చడం మాత్రం డబ్బు దండగ. చెమటకు దాదాపు వాసనే ఉండదు. చంకల్లోని బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. కాబట్టి వాసన ఒక్కటే ఇబ్బందైతే రోజూ సబ్బుతో కడిగి, ఆరాక డియోడరెంట్ రాస్తే చాలు. చొక్కా తడిసి ముద్దవుతుంటే అల్యూమినియం లవణాలున్న యాంటీపెర్‌స్పిరెంట్ కావాలి. అది స్వేద రంధ్రాలను తాత్కాలికంగా మూస్తుంది. రాత్రిపూట పొడి చర్మానికి రాస్తే బాగా పనిచేస్తుంది.

చెమట ఆపితే ఒళ్లు వేడెక్కదా అంటారు. చంకలు ఒంట్లో చిన్న భాగమే. ఒంటిని చల్లబరిచే పని మిగతా చర్మం చూసుకుంటుంది. యాంటీపెర్‌స్పిరెంట్‌తో రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న భయానికి గట్టి ఆధారం దొరకలేదు. రసాయనాలెందుకని పటిక రుద్దుకునేవారూ గమనించాలి: అదీ అల్యూమినియం లవణమే. కొనేముందు డబ్బా మీది బొమ్మను కాదు, వెనకున్న పదార్థాల పట్టికను చూడండి.