వేలంపాట - దొంగపాట

తెలుగున బేరసారములకు గల పేర్లలో "వేలంపాట" అను మాట వింతయైనది. ఇందలి మొదటి పదము పోర్చుగీసు వర్తకుల వెంట మన తీరము చేరి దక్షిణదేశ భాషలలో స్థిరపడినదని భాషావేత్తలు చెప్పుదురు. రెండవది మన యింటి మాట. సరుకును చూచి, పదిమంది నడుమ నిలిచి, గొంతెత్తి ధర చెప్పుటను తెలుగువాడు "పాడుట" అన్నాడు. పాట అన్నచో పాడువాడు కంటికి కనబడవలెను. వినువారు పదిమంది యుండవలెను. మదనపల్లె టమాటా మండీలోనైనను, చిత్తూరు బెల్లపు మండీలోనైనను, పల్లెలోని చెరువు చేపల పాటలోనైనను ఎవడు ఎంతకు పాడెనో అచ్చట నున్నవారందఱికిని తెలియును. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని ముమ్మారు పలికిన పిదపగాని సరుకు చేయి మాఱదు.

ఈ ఆచారము నేటిది కాదు. ఇల్లు, పొలము మున్నగు వానిని విక్రయించునపుడు ధరను ముమ్మారు చాటవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. పోటీవలన ధర పెరిగినచో ఆ పెరిగిన మొత్తము రాజకోశమునకు చేరవలెనని కూడ అందు కలదు. ఆ నియమము కఠినముగా తోచవచ్చును. కాని ధర పెంచినందువలన అమ్మువానికి లాభము లేనిచో, తన సరుకుపై తనవారిచేత పాడించు దురాశ అతనికి పుట్టదు గదా!

నేడు పాట గొంతును వీడి అంతర్జాలమున కెక్కినది. తిరుపతియే ఇందుకు నిదర్శనము. శ్రీవారి హుండీలో భక్తులు సమర్పించిన చేతిగడియారములను, సెల్‌ఫోన్లను తిరుమల తిరుపతి దేవస్థానములవారు లాట్లుగా కూర్చి, రాష్ట్ర ప్రభుత్వ కొనుగోలు పోర్టలు ద్వారా ఈ-వేలము వేయుచుందురు. టైటాన్, కాసియో, టైమెక్స్, సొనాటా, ఆల్విన్ మొదలగు పేర్లు ఆ ప్రకటనలలో కనబడుచుండును. వానిలో క్రొత్తవి, వాడినవి, కొంత చెడినవి కూడ నుండును. భక్తుల తలనీలములును పొడవును బట్టి తరగతులుగా విభజింపబడి ఈ-వేలముననే అమ్ముడగుచున్నవి. అడవి దొంగలనుండి పట్టుకొన్న ఎఱ్ఱచందనమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014లో అంతర్జాతీయ ఈ-వేలమునకు పెట్టినది.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. పాడవచ్చినవానిని మండీ వాకిటనే బెదరించి వెనుకకు పంపుట ఇందు సాగదు. దూరదేశపు వర్తకుడు తన యింట కూర్చుండియే పాడవచ్చును. ఎవరెంతకు పాడిరో యంత్రము పొల్లుపోకుండ లెక్క వ్రాసికొనును. అయితే అది వ్రాసికొనునది అంకెను మాత్రమే. ఆ అంకె వెనుక నున్నవాడు కొనదలచినవాడో, అమ్మువాని బావమఱదియో యంత్రమునకు తెలియదు.

వేలమున జరుగు మోసములు ముఖ్యముగా రెండు. కొనువారు కుమ్మక్కై, "ఈ లాటు నీది, ఆ లాటు నాది" అని ముందే పంచుకొని ధరను అణచివేయుట మొదటిది. దీనికి మన జిల్లాలలో "సిండికేటు" అను పేరు జనుల నోట స్థిరపడినది. అమ్మువాడే మాఱుపేరుతో పాడి ధరను పెంచుట రెండవది. దీనిని దొంగపాట అనవచ్చును. మొదటిదానివలన అమ్మువాడు చెడును. రెండవదానివలన కొనువాడు చెడును.

దొంగపాట పనిచేయు తీరును విద్యార్థులు చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. అనేక అంతర్జాల వేలములలో కొనువాడు తాను ఈయగల గరిష్ఠ ధరను ముందుగా రహస్యముగా తెలుపును. యంత్రము అతని పక్షమున, ఎదుటివాని పాటకంటె ఒక మెట్టు మాత్రమే హెచ్చుగా పాడుచుండును. ఒక పాత గడియారమునకు ఒకడు 5,000 రూపాయలవరకు ఈయ సిద్ధపడెననుకొందము. రెండవ కొనుగోలుదారు 2,000 వద్ద ఆగిపోయెను. మెట్టు 100 రూపాయలైనచో గడియారము 2,100కు రావలెను. అంతలో అమ్మువాని మనిషి ప్రవేశించి 2,500, 3,000, 3,500 అని మెట్టు మెట్టుగా తడిమి చూచుచు 4,800 వద్ద ఆగెను. అప్పుడు కొనువాడు చెల్లింపవలసినది 4,900. తాను నిశ్చయించుకొన్న హద్దు దాటలేదు గనుక అతడు మోసపోయినట్లే యెఱుగడు. పైగా గెలిచితినని సంతోషించును. అతని జేబునుండి 2,800 రూపాయలు పోయినది మాత్రము నిజము.

ఈ వంచనకు పాత గడియారములు మిక్కిలి అనువైనవి. బియ్యమునకు, బంగారమునకు నేటి ధర యిది అని చెప్పువా రుందురు. పాత గడియారమున కట్టి ధర లేదు. హెచ్.ఎం.టి. సంస్థ జపాను దేశపు సిటిజెన్ సహకారముతో 1961లో బెంగుళూరున గడియారముల తయారీ ఆరంభించినది. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980 దశకమున సైకో సహకారముతో గడియారములు చేసినది. హెచ్.ఎం.టి. గడియారముల విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్రము నిర్ణయించిన పిదప వానిపై మక్కువ మఱింత పెరిగినది. పదవీవిరమణనాడు సహోపాధ్యాయులు బహూకరించిన గడియారము ఎందఱి యిండ్లలోనో పెట్టెలో పదిలముగా నున్నది. వాని విలువ ఇనుములో లేదు, జ్ఞాపకములో నున్నది. 2009లో న్యూయార్కున గాంధీజీ జేబుగడియారము, కళ్లజోడు, చెప్పులు మున్నగునవి కలిసి 18 లక్షల డాలర్లు పలుకుటకు కారణ మదియే. జ్ఞాపకమునకు ధర కట్టు తూనిక లేదు గనుక ఎదుటివాని పాటయే తూనికయగును. ఆ పాటయే బూటకమైనచో ఇంక చెప్పవలసిన దేమున్నది?

ఈ బూటకమునకు లోకానుభవము సాక్షి. 2000 సంవత్సరమున అమెరికాలో ఈబే అను వేలపు సైటులో పావు డాలరుతో మొదలైన ఒక చిత్రపటపు పాట 1,35,805 డాలర్లవరకు పోయినది. అమ్మువాడు తానే పాడినట్లు బయటపడగా ఆ అమ్మకము రద్దయినది. కేసు నేరస్థుల కోర్టువరకు నడచినది. 2007లో జెనీవాలో ఒమేగా గడియారములకే ప్రత్యేకించిన వేలమున ఒక పాత గడియారము మూడున్నర లక్షల డాలర్లు దాటినది. దానిని కొన్నది ఒమేగా సంస్థయే యని అదే యేట వాల్‌స్ట్రీట్ జర్నల్ వెల్లడించినది. తన మ్యూజియమునకై కొనుట తప్పని యెవరును అనరు. కాని ఆ ధరను చూచి తమ గడియారములకు విలువ కట్టుకొన్న సామాన్యులకు, ఆ పాడినవా రెవరో అప్పుడు తెలియదు గదా! అదే జెనీవాలో 2021 నవంబరున, 1957 నాటి స్పీడ్‌మాస్టరుగా చెప్పబడిన గడియారము 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికినది. దానినిగూడ ఒమేగా సంస్థయే తన మ్యూజియమునకై కొనినది. అది వేఱు వేఱు గడియారముల భాగములు కూర్చి చేసినదనియు, తమ మాజీ ఉద్యోగులకు అందు పాత్ర కలదనియు 2023లో ఆ సంస్థయే ప్రకటింపవలసి వచ్చినది. చేసినవారే తమ వస్తువును పోల్చుకొనలేనిచోట, సెల్‌ఫోనులో బొమ్మ చూచి కొను విద్యార్థి గతి యేమి?

చట్టము మౌనముగా లేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము 64వ సెక్షను ఈ విషయమున స్పష్టముగా నున్నది. పాడు హక్కును ముందుగా ప్రకటించి నిలుపుకొననిచో అమ్మువాడు తాను పాడరాదు, మఱియొకనిచేత పాడింపరాదు. అట్లు చేసినచో ఆ విక్రయమును మోసముగా భావించు హక్కు కొనువానికి కలదు. దొంగపాటతో ధర పెంచినచో విక్రయమును త్రోసిపుచ్చవచ్చును. కొనువారు కుమ్మక్కగుటను 2002 నాటి పోటీ చట్టము నిషేధించినది. లోపము ఋజువులో నున్నది. పాడినవారి పేర్లు చుక్కలతో కప్పబడియుండగా కొనువాడు దేనిని ఋజువు చేయగలడు?

కావున మొదటి జాగ్రత్త కొనువానిదే. పాటల పట్టికను చదువుట యొక విద్య. ఒకే అమ్మకందారు సరుకుపై మాత్రమే పదే పదే పాడి ఎన్నడును గెలువని పేరు, నిన్న పుట్టి నేడే పెద్ద పాటకు దిగిన ఖాతా, హద్దును తడిమి చూచి చివరి గడియలో వెనుకకు తీసికొన్న పాట, "అమ్ముడైనది" అన్న వారమునకే మరల వేలమున కనబడిన వస్తువు - ఇవి అనుమానింపవలసిన గుర్తులు. ఇందొక్కటి కనబడినంతనే దోషము సిద్ధించినట్లు కాదు; రెండు మూడు కలిసి కనబడినచో తప్పుకొనుట మేలు. ఉపాధ్యాయులు లెక్కల తరగతిలో ఒకనాడు ఇట్టి పట్టికను నల్లబల్లపై వ్రాసి చర్చింపజేసినచో, లాభనష్టముల పాఠము పిల్లలకు బ్రతుకులో పనికివచ్చు చదువగును.

రెండవ బాధ్యత వేలము నడపు సంస్థలది. పాడువాని గుర్తింపును సరిచూచుట, అమ్మువానికిని పాడువానికిని గల సంబంధమును పరిశీలించుట వారి పని. కమిషను ధరతో పాటు పెరుగును గనుక ఈ పనిలో వారికి సహజముగా ఉత్సాహము తక్కువ. అందుచేత ప్రభుత్వము కన్ను వేసి యుండవలెను.

ధర్మసంస్థల విషయము ఇంకను సున్నితమైనది. హుండీలో గడియారము వేసిన భక్తుడు రసీదు కోరడు. దానికి తగిన ధర వచ్చెనా యని అడుగ రాడు. దేవస్థానముల వేలములందు దోషము జరిగినదని ఇచ్చట ఆరోపణ లేదు. అడుగువాడు లేనిచోట తానై లెక్క చెప్పుట ధర్మము. లాటునకు కట్టిన కనీస ధర యెంత, ఎందఱు పాడిరి, ఏ పాట మీద ముగిసినది అను వివరములను వేలము ముగిసిన పిదప పట్టికగా ప్రకటించుట కష్టమైన పని కాదు. పలు గడియారములు కలిపిన లాటులో అరుదైన పాతది ఒకటి దాగియుండు అవకాశము కలదు గనుక, ముందుగా ఎఱిగినవారిచేత వేఱు చేయించుటయు మంచిది. తిరుపతి ఈ మార్గము చూపినచో రాష్ట్రమందలి తక్కిన ఆలయములును, మార్కెట్టు కమిటీలును అనుసరింపక తప్పదు. పాడువాడు మరల పదిమందికి కనబడును. భక్తుని కానుకకు న్యాయమైన ధర దక్కును.