మంద్రానికి పెట్టె ఎంత?

ఇంటికి కొనుక్కునే వస్తువులలో చాలావాటిని పరీక్షించే ఉపాయం మన ఆడవారికి తెలుసు. చీరెను నలిపి చూస్తారు. బియ్యపు గింజను పంటికింద పెట్టి చూస్తారు. కుండను వేలితో కొట్టి చూస్తారు. కాని స్పీకరు పెట్టె దగ్గర యీ విద్యలేవీ సాగవు. దుకాణంలో పెట్టెను విన్నామంటే, దానితోపాటు ఆ దుకాణం గదిని కూడా విన్నామన్నమాట. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకునేది మాత్రం పెట్టెనే. గదిని దుకాణదారు తన దగ్గరే వుంచేసుకుంటాడు!

యీ వారం యీ సంగతి యెత్తుకోవడానికి కారణం మా అక్క కొడుకు. వాడిది వెలుగోడే. నంద్యాలలో ఒక పెళ్ళి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాడు. “గిటారు మాకు తెలియనిదా?” అంటారేమో. ఇది మామూలు గిటారు కాదండీ. దానికి ఆరు తీగలు. దీనికి సాధారణంగా నాలుగే, అవీ లావుపాటివి. ఒక స్థాయి కిందుగా పలుకుతుంది. అన్నిటికన్న కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. మన గాయకులు తీసే మంద్ర షడ్జానికి కూడా అది అడుగున వున్న మాట. పాటలో దాని ఉద్యోగం ఇంటికి పునాదివంటిది. పునాదిని చూసి యెవరూ మెచ్చుకోరు. అది కుంగినప్పుడే అందరికీ తెలుస్తుంది.

యీ వాద్యం పుట్టుకే మోతబరువుతో ముడిపడి వుంది. అంతకు ముందు అమెరికాలో మంద్రం వాయించేవారు నిలువెత్తు డబుల్ బేస్‌ను ఊరూరా మోసుకుపోయేవారు. 1951లో లియో ఫెండర్ అనే ఆయన దానిని మామూలు గిటారులాగ భుజాన తగిలించుకునేట్టు చేశాడు. వాద్యం తేలికైంది గాని, లోపల డొల్ల లేదు గనుక దానికి సొంత గొంతు పోయింది. అందుకని 1952లో దానికోసమే ఒక ఆంప్లిఫయరు తయారుచేశాడు. 1960లో ఆంపెగ్ కంపెనీవారు బి-15 అనే సెట్టు తెచ్చారు. ఆంప్లిఫయరును పెట్టె మూతకే బిగించి, పని కాగానే మూతను తిరగేసి లోపలికి దాచేసే యేర్పాటు. చిన్న పెట్టెలోంచి పెద్ద మంద్రం తీయాలన్న ఆరాటం ఆనాటినుంచీ వున్నదే!

ఇక మావాడి చిక్కు. ఇన్నాళ్ళూ ఆర్కెస్ట్రావారు అద్దెకు తెచ్చిన పెట్టెతో వాయించి, తన వాటాలో ఆ అద్దె కోయించుకుంటూ వచ్చాడు. మాఘమాసం ముహూర్తాలకల్లా సొంత పెట్టె తెచ్చుకోకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటామని మేళం పెద్ద చెప్పేశాడట. మా అక్క చీటీ పాడింది. ఆ డబ్బుతోనే కురుస్తున్న మిద్దె బాగుచేయించాలని ఆమె తలంపు. అంటే పెట్టెకు పోయే ప్రతి రూపాయీ మిద్దెలోంచి పోయేదే.

వాడు మాత్రం వస్తూనే, “మామా, అయిదు నూర్ల వాట్లదొకటి ఉండాది. నూరు వాట్లది యాడ, అది యాడ!” అన్నాడు.

ముప్ఫయి యేళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన నోరు వూరుకుంటుందా? కాగితం, పెన్సిలు తీశాను. వాట్లు రెట్టింపు చేస్తే ధ్వని పెరిగేది 3 డెసిబెల్. మన చెవికి “రెట్టింపు మోగింది” అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి. అంటే వాట్లు పదిరెట్లు కావాలి. నూరు వాట్లు అయిదు వందలైనా పెరిగేది 7 డెసిబెలే. రెట్టింపు మోత కూడా రాదు! అంతకన్న చూడవలసిన అంకె మరొకటి వుంది. ఒక్క వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో స్పీకరు యెంత మోగుతుందో కొందరు కంపెనీవారు రాస్తారు. ఒకదానికి 91, మరొకదానికి 97 అని వుంటే, రెండవది నాలుగోవంతు వాట్లతోనే మొదటిదానితో సమంగా మోగుతుంది. లీటరుకు యెన్ని మైళ్ళు ఇస్తుందో అడగకుండా టాంకు పెద్దదని స్కూటరు కొనే పెద్దమనిషి వుంటాడా చెప్పండి?

కాగితం మీద యెంత రాసినా చెవి ఒప్పుకోవాలి గదా. మూడు సెట్లు పోగుచేశాం. మొదటిది చర్చిలో పాడే కుర్రాళ్ళ దగ్గర అరువు తెచ్చింది; ఎనిమిది అంగుళాల స్పీకరు, ఒక చేత్తో పట్టుకుపోవచ్చు. రెండవది పన్నెండు అంగుళాలది. అరబస్తా బియ్యమంత బరువు. ఇది దుకాణంలో బయానా కట్టి తెచ్చాం. మూడవది వేరే మేళంవారిది. చేతిసంచిలో పట్టే ఆంప్లిఫయరు, దానికి విడిగా రెండు పదంగుళాల స్పీకర్లున్న పెట్టె. యీ కొత్త ఆంప్లిఫయర్లు సెకనుకు లక్షలసార్లు కరెంటును తెరుస్తూ మూస్తూ పనిచేస్తాయి. వేడి కింద పోయేది తక్కువ గనుక లోపల బరువైన సరంజామా అంతగా అక్కర లేదు. అందుకే వందల వాట్లున్నా రెండు మూడు కిలోల్లో వస్తున్నాయి.

మొదట మా అక్క ఇంటి ముందుగదిలో పెట్టాం. నేలంతా బేతంచెర్ల నాపరాళ్ళు, గోడలు గట్టివి. ఎనిమిదంగుళాల బుడతడిని మూలన పెట్టి కింది తీగ మీటేసరికి, గూట్లో స్టీలు గ్లాసులన్నీ గలగలమన్నాయి! మావాడి ముఖం వెలిగిపోయింది. “ఇంత చిన్నదాంట్లోంచేనా?” అన్నాడు.

“దాన్ని మిద్దె మీదికి తీసుకురా” అన్నాను.

వెలుగోడులో మిద్దెలెక్కితే తూర్పున నల్లమల కొండలు కనిపిస్తాయి. తెలుగుగంగ పథకం కింద గాలేరు మీద కట్టిన జలాశయంవైపు నుంచి చల్లగాలి వస్తుంది. అక్కడ గోడలు లేవు, కప్పు లేదు. అదే పెట్టె, అదే తీగ, అదే చెయ్యి. కాని గుంభనంగా మోగిన ఆ స్వరం కాస్తా “టక్ టక్” అనే చప్పుడైపోయింది.

మంత్రమేమీ లేదు. సెకనుకు 41 కంపనాల స్వరానికి గాలిలో ఒక్కొక్క అల పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. అంత పొడుగు అల ముందుకే పోదు. అన్ని వైపులా పాకుతుంది. గది మూలలో నేలా, రెండు గోడలూ దానిని మళ్ళీ మనవైపుకే తోస్తాయి. ఆరుబయట తోసే దిక్కు లేదు. గదిలో మనం మెచ్చుకున్న మంద్రంలో చాలాభాగం మేస్త్రీ కట్టిందన్నమాట, కంపెనీ చేసింది కాదు! పెళ్ళి షామియానా కిందా మిద్దెమీది కథే.

మరి చిన్న పెట్టెలు ఆమాత్రమైనా యెలా పలుకుతాయంటారా? అందులో మన చెవి దాతృత్వం కొంత వుంది. ఏ తీగ మోగినా దాని స్వరంతోపాటు రెట్టింపు, మూడురెట్ల కంపనాల స్వరాలు కూడా పుడతాయి. పెట్టె 41ని పలకలేకపోయినా 82నీ, 123నీ పలికితే, అడుగున వున్న 41ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. ఇళయరాజా సంగీతం కూర్చిన ‘గీతాంజలి’ (1989) పాటలు చిన్న రేడియోలో విన్నా మంద్రం వున్నట్టు తోచేది ఇందుకే. ఐతే చెవికి తోచడం వేరు, రొమ్ముకు తగలడం వేరు.

రెండవ పెట్టె సంగతి చూడండి. దాని ముందు పలకకు గుండ్రని రంధ్రం, లోపలికి చిన్న గొట్టం వున్నాయి. ఘటం వాయించేవారు కుండ మూతిని పొట్టకు ఆనించి, యెడంచేసి మంద్రనాదాన్ని మార్చడం చూసివుంటారు. సూత్రం అలాంటిదే. పెట్టెలోని గాలి స్ప్రింగులాగ, గొట్టంలోని గాలి దాని కొసన కట్టిన బరువులాగ వూగి, స్పీకరు అలసిపోయేచోట ఆసరా ఇస్తాయి. గొట్టం యెంత వుండాలో మొదట్లో చాలామంది వడ్రంగి అంచనాతోనే కానిచ్చేవారు. ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజనీరు 1961లో దానికి లెక్క కట్టాడు. తర్వాత 1970లలో స్మాల్ అనే ఆయన ఆ లెక్కను విస్తరించాడు. ఇవాళ్టి మంచి చిన్న పెట్టెలన్నీ ఆ లెక్కల బిడ్డలే.

ఎంత లెక్క కట్టినా ఒక ధర్మసూక్ష్మం తప్పదు. పెట్టె చిన్నదిగా వుండాలి, స్వరం బాగా కిందికి దిగాలి, కొద్ది వాట్లతో గట్టిగా మోగాలి. యీ మూడింటిలో యే రెండైనా కోరుకోవచ్చు. మూడూ మాత్రం దొరకవు. హాఫ్‌మన్ అనే ఆయన పేర దీన్ని ఇనుపసూత్రం అంటారు. ఆంప్లిఫయరు బరువు తగ్గింది, అయస్కాంతం బరువు తగ్గింది. కాని కదలవలసిన గాలి బరువును యెవరూ తగ్గించలేరు.

పరీక్షకు ఒక నియమం పెట్టాను. గట్టిగా మోగేదే మనకు మంచిదనిపిస్తుంది. అందుచేత మూడింటినీ చేతి ఫోనులోని డెసిబెల్ అంకె చూసి ఒకే మోతకు తెచ్చాం. అదీ పెళ్ళిలో వాయించేంత మోతకు. ఎందుకంటే తక్కువ మోతలో మన చెవికి మంద్రం సరిగా ఆనదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే యీ సంగతి కొలిచి చూపారు. ఇంట్లో మెల్లగా వింటూ బేస్ మీట యెక్కువ తిప్పి సరిపెట్టుకుంటే, మండపంలో మోత పెంచేసరికి అంతా గుబగుబమంటుంది.

తీర్పు చెప్పడానికి మా అక్కను వీధి చివర నిలబెట్టాం. యే పెట్టె యెప్పుడు మోగుతోందో ఆమెకు చెప్పలేదు. పదినిముషాల తర్వాత వచ్చి, “మొదటిదాంట్లో యెవరో తలుపు తట్టినట్టుండాది. రెండోదాంట్లో పాట నడుస్తాంది. మూడోదాంట్లో ఇంకా బాగా నడుస్తాంది గాని, దాన్ని మోసేదెవరు నాయనా?” అంది. నా పెన్సిలు లెక్కలన్నీ ఆమె మూడు మాటల్లో తేల్చేసింది!

మూడవది నిజంగానే మేలైనది. కాని నంద్యాల-ఆత్మకూరు దారిలో రాత్రి ఆఖరు బస్సు యెక్కేవాడికి అది పనికిరాదు. ధర చూస్తే మిద్దె యీ యేడూ కురవవలసిందే. రెండవదే ఖాయం చేశాం. అందులో మరో రెండు మంచి గుణాలున్నాయి. వెనక ఇంకొక పెట్టె తగిలించుకునే చోటు వుంది. దీని స్పీకరు 8 ఓములు. రేపు చెయ్యి ఆడినప్పుడు మరో 8 ఓముల పెట్టె చేరిస్తే మొత్తం 4 ఓములవుతుంది. అంతవరకు ఆ ఆంప్లిఫయరు తట్టుకుంటుందని దానిమీదే రాసివుంది. అలా జోడు పెట్టెలైతే 6 డెసిబెల్ దాకా లాభం. 4 ఓముల లోపు పోతే మాత్రం ఆంప్లిఫయరుకే ముప్పు. రెండవ గుణం, మైకుసెట్టు వారికి తీగ ఇచ్చే రంధ్రం. వందలమంది కూర్చున్న మైదానంలో యీ చిన్న పెట్టె ఒక్కటీ చాలదు. అక్కడ అది వాయించేవాడి చెవికోసం. జనానికి వినిపించే పని మైకుసెట్టుది.

మాఘంలో మొదటి పెళ్ళికి నేనూ పోయాను. వేదిక లోపల డొల్లగా వుండే చెక్కలది. పెట్టెను దానిమీదే పెడితే వేదికంతా డప్పులాగ వూగింది. కుర్రవాడు దానిని ముక్కాలిపీట మీదికి యెక్కించి, బేస్ మీట కాస్త తగ్గించాడు. స్వరం తేటపడింది. పక్కనున్న పెద్దాయన పాట సాగినంతసేపూ తెలియకుండానే మడమతో తాళం వేస్తున్నాడు. బేస్ గిటారు అంటే యేమిటో ఆయనకు తెలిసివుండదు, తెలియనక్కరా లేదు.

ఇళ్ళలో పిల్లలకు ఇటువంటివి కొనిపెట్టే తల్లిదండ్రులకు రెండు మాటలు. మంద్రం గోడలు దాటి పోయినంతగా పై స్వరాలు పోవు. మీ గదిలో కమ్మగా వున్నది పక్కింటి పసిబిడ్డ ఉయ్యాలను కదిలిస్తుంది. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు పెట్టకూడదు. ఇక చెవుల విషయం. 85 డెసిబెల్ మోతను రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదంటారు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. పెట్టె పాడైతే మార్చుకోవచ్చు. చెవికి మారు చెవి యే దుకాణంలోనూ లేదు.

కొనే ముందు అడగవలసింది “ఎన్ని వాట్లు?” అని కాదు, “ఎక్కడ వాయిస్తావు, యెవరు మోస్తారు, మిగిలిన డబ్బుతో ఇంకేమి చేయాలి?” అని. మా అక్క ఇంట్లో ఆ మూడవ ప్రశ్నకు జవాబు మిద్దె మీద వుంది. సున్నమూ సిమెంటూ దిగాయి. వచ్చే వానకు లోపల గిన్నెలు పెట్టుకోనక్కర లేదు.