నవ్వు ఇంట్లోంచే పుట్టాలి

ముత్తంగి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే ఇళ్లలో అందరూ కలిసి సినిమాకు వెళ్లాలంటే నాన్న వీక్లీ ఆఫ్, అమ్మ తీరిక, పిల్లల పరీక్షలు అన్నీ కుదరాలి. అలా కుదుర్చుకుని వచ్చిన కుటుంబాలను 2022 మే 27న విడుదలైన ‘ఎఫ్3’ నిరాశపరిచింది. 2019 సంక్రాంతికి వచ్చిన ‘ఎఫ్2’లో దర్శకుడు అనిల్ రావిపూడి నవ్వును మన ఇళ్లలోంచే తీశారు. భార్య, అత్తింటివాళ్ల చేతుల్లో నలిగిపోయి వెంకటేశ్ ‘వెంకీ ఆసనం’ వేస్తే, ప్రతి మొగుడూ తనను తాను చూసుకుని నవ్వాడు, పక్కనున్న భార్య ఇంకా గట్టిగా నవ్వింది. ‘ఎఫ్3’లోనూ వెంకటేశ్, వరుణ్‌తేజ్, తమన్నా, మెహరీన్ ఉన్నారు, సంసారం మాత్రం లేదు. అందరూ డబ్బు వెంట పరుగే. హీరోలలో ఒకరికి రేచీకటి, ఇంకొకరికి నత్తి. చీకట్లో తడబాటును వెంకటేశ్ తన టైమింగ్‌తో మొదట్లో పండించారు, అదే మళ్లీ మళ్లీ వచ్చేసరికి గోలే మిగిలింది. మాట తడబడటాన్ని నవ్వులపాలు చేస్తే, హాల్లో కూర్చున్న నత్తి ఉన్న పిల్లాడి మనసు ఏమవుతుంది? ఇదే దర్శకుడు, ఇదే వెంకటేశ్ 2025లో ‘సంక్రాంతికి వస్తున్నాం’తో మళ్లీ మొగుడూపెళ్లాల మధ్యకు వచ్చారు, జనం బ్రహ్మరథం పట్టారు. సీక్వెల్ తీసేవారికి ఒకటే విన్నపం: పేరు పక్కన అంకె పెంచేముందు, చెప్పడానికి ఆ కుటుంబం కథ ఇంకా మిగిలి ఉందో లేదో చూసుకోండి.