చదివింపుల పుస్తకం

యాభై నాలుగో ఏట ఎం.ఏ. సోషియాలజీకి దరఖాస్తు పెట్టానని చెప్పగానే మా ఆవిడ పకపకా నవ్వింది. "మనవణ్ణి బడిలో వేసే వయసులో మీరు బడికి పోతారా?" అంది. మా అమ్మాయి మాత్రం మాట్లాడకుండా ఫీజు కట్టేసింది. దూరవిద్యే కాబట్టి ఆఫీసుకు ఇబ్బంది లేదు.

బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అప్పంటే నాకు అసలు, వడ్డీ, వాయిదా, అంతే. గ్రామీణ సమాజశాస్త్రం పేపరు తెరిచాక ఆ ధీమా కాస్త సడలింది. 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ రుణ సర్వే ప్రకారం రైతులు తెచ్చుకున్న అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా నూటికి 0.9, సహకార సంఘాలది 3.1. మిగిలినదాంట్లో సింహభాగం వడ్డీ వ్యాపారులదే. అప్పు చేసేది కూడా ఎక్కువగా ఇంటి ఖర్చులకేనట, సేద్యానికి కాదు.

హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన పుస్తకం చదివాను. తరువాత ఎం.ఎన్. శ్రీనివాస్. ఆయన 1948లో మైసూరు దగ్గరి ఒక పల్లెలో ఉండి రాసుకున్న నోట్సు 1970లో అమెరికాలో అగ్నికి ఆహుతైంది. జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వెలువడింది. అది చదువుతుంటే నాకూ ఒక పల్లె జ్ఞాపకం వచ్చింది.

1998లో బళ్లారి జిల్లాలో ఫీల్డు ఆఫీసరుగా ఉన్నాను. గేదె కోసం అప్పు తీసుకున్న ఒక రైతు ఇంటికి తనిఖీకి వెళితే కొట్టంలో గేదె లేదు. "రుణం దుర్వినియోగం" అని రాశాను. మరుసటి ఏడు అతనికి పంట రుణం రాలేదు.

అసైన్‌మెంటు కోసం మొన్న ఆ ఊరే వెళ్లాను. రైతు పోయాడు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. గేదె సంగతి అడిగితే లోపలికి వెళ్లి ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది. వాళ్ల అమ్మాయి పెళ్లికి వచ్చిన చదివింపులు. పేరు, ఊరు, ఎదురుగా 11, 51, 101.

"ఆ మాఘమాసంలో నాలుగు పెండ్లిండ్లు వచ్చినాయి సారూ. ఒకటి మా ఆడబిడ్డ ఇంట్లోదే, బంగారం పెట్టాల్సి వచ్చె. పెట్టినోళ్లకు తిరిగి పెట్టకపోతే ఊర్లో తలెత్తుకొని తిరిగేదెట్ల?"

తిరిగి పెట్టిన ప్రతి పేరు మీదా అడ్డగీత ఉంది. ఒక్క బాకీ లేదు. అంత శుభ్రమైన ఖాతా మా బ్రాంచిలో కూడా నేను చూడలేదు. బ్యాంకు కాదన్నాక నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చారట. ఎకరం పొలం పోయింది.

నిబంధన ప్రకారం నేను రాసింది తప్పు కాదు. తాకట్టులో ఉన్న గేదెను అమ్మకూడదు. కానీ ఎందుకు అమ్మావని ఆ రోజు ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే వాయిదా మార్చమని సిఫార్సు చేసే అధికారం నాకుండేది.

"ఇప్పుడు రాసుకొని ఏం చేస్తారు సారూ?" అని అడిగిందామె. పరీక్షకు అన్నాను. సిగ్గేసింది.

మీ ఇళ్లలోనూ అటక మీద అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. పాత కాగితాలవాడికి వేయకండి. ఒకసారి తెరిచి, అమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.